టీవీ, బడి, నాటు మందు: ఇంట్లో ఎవరి మాట ఎంతవరకు వినాలి

మొన్న వేసవి సెలవుల్లో ఖమ్మంలో మా ఇంటికి చుట్టాలొచ్చారు. భోజనాలయ్యాక హాల్లో చాపలు వేసుకుని కూర్చున్నాం. గంటలో నాకు మూడు సలహాలు అందాయి. కేబుల్ తీయించేసి డిష్ పెట్టించమని మా బావగారు చెప్పారు. చిన్నదాన్ని ఆరో తరగతి నుంచి హైదరాబాదులో హాస్టల్లో వేయమని మా పిన్ని చెప్పింది. అమ్మ షుగర్‌కి ఫలానా పొడి వాడమని మా మేనత్త చెప్పింది. "మా వీధిలో ఒకావిడ మాత్రలన్నీ మానేసిందిరా, నాలుగు నెలలు వాడింది అంతే" అంది అత్త.

ముగ్గురూ మా మంచి కోరేవాళ్ళే. ముగ్గురూ అంతే నమ్మకంగా చెప్పారు. ఆ రాత్రి పడుకున్నాక ఒక సంగతి తట్టింది. మేం కూడా ఆ మూడు మాటల్నీ ఒకేలా విన్నాం, మూడింటికీ "చూద్దాంలే" అనే జవాబే చెప్పాం. కానీ డిష్ నచ్చకపోతే పోయేది ఒక నెల రీచార్జి. బడి కుదరకపోతే పోయేది పిల్ల చదువులో ఒక ఏడాది, దాంతోపాటు కొంత ధైర్యం. అమ్మ మాత్రలు మానేస్తే పోయేది కిడ్నీ కావచ్చు, కంటిచూపు కావచ్చు.

అందుకే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇది తప్పయితే ఏం పోతుంది, పోయింది మళ్ళీ వస్తుందా? బాగుందంటున్నారు సరే, ఎంతమందిలో ఎంతమందికి బాగుంది? మొదటిది ఎంత జాగ్రత్త పడాలో చెబుతుంది, రెండోది ఆ మాటలో పస ఎంతో చెబుతుంది.

టీవీ విషయంలో బావగారి మాట వినొచ్చు

ఇది తేలికైన నిర్ణయం కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కేబుల్, డిష్, ఫ్రీ డిష్, ఇంటర్నెట్ మీద నడిచే స్మార్ట్ టీవీ. దాదాపు అందరి ముందూ ఉన్నవి ఈ నాలుగే.

కేబుల్ బాగుపడేదీ పాడయ్యేదీ మీ వీధి ఆపరేటర్‌ని బట్టి. ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా మనిషి వచ్చేట్టయితే కేబుల్‌ని మించింది లేదు. డిష్‌కి ఆ ఆధారపడటం ఉండదు కానీ జోరువానలో బొమ్మ ఆగిపోతుంది. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కి గొడుగు, బాక్సు ఒకసారి కొంటే నెలనెలా కట్టేదేమీ లేదు. దూరదర్శన్ తెలుగు చానళ్ళు యాదగిరి, సప్తగిరి వస్తాయి, పిల్లల పాఠాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-విద్య చానళ్ళు కూడా వస్తాయి. మీ ఇంట్లో చూసే ప్రైవేటు తెలుగు చానళ్ళు అందులో ఉన్నాయో లేదో మాత్రం కొనేముందే అడగండి, ఆ లిస్టు మారుతూ ఉంటుంది. స్మార్ట్ టీవీలో ఎన్నిటికి చందా కడుతున్నామో మనకే గుర్తుండదు. ఒక ఎపిసోడ్ అయ్యేలోపే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. పిల్లలున్న ఇంట్లో ముందు ఆ ఆటోప్లే ఆపేయండి.

2019 నుంచి ఏ చానల్ కావాలో మనమే ఎంచుకునే పద్ధతి వచ్చింది. అయినా చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ ఆపరేటర్ ఇచ్చిన ప్యాకేజీనే నడుస్తోంది. ఒక ఆదివారం కూర్చుని గత నెలలో నిజంగా చూసిన చానళ్ళెన్నో రాసుకోండి. మా ఇంట్లో తొమ్మిది తేలాయి. ఆ తొమ్మిదికే కట్టాలనుకున్నాక బావగారు చెప్పిన డిష్షే మాకు చవకైంది. నచ్చకపోతే మళ్ళీ కేబులుకే వెళ్ళొచ్చు, పెద్ద నష్టమేమీ లేదు.

టీవీలో డబ్బు కంటే ముందు లెక్కపెట్టాల్సింది గంటల్ని. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి టీవీ పెట్టే ఇల్లాలిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఒక్కతే నాలుగు పనులు చేసుకునే మనిషికి ఆ పావుగంట ఎంత అవసరమో నాకు తెలుసు. అన్నం పూట ఆ పావుగంటకీ, రోజంతా హాల్లో మోగే టీవీకీ చాలా తేడా ఉందనే నేను అనేది.

టీవీతో చదువొస్తుందా అని అడిగేవాళ్ళకు మా ఇంటి అనుభవం చెబుతాను. 2020 సెప్టెంబరులో బడులు మూసి ఉన్నప్పుడు యాదగిరిలోనూ, తెలంగాణ ప్రభుత్వ చానల్ టీ-శాట్‌లోనూ పాఠాలు వచ్చేవి. టీచర్లు బాగా చెప్పేవారు. కానీ నేనో మా ఆవిడో పక్కన కూర్చున్నరోజే మా పెద్దాడు చివరిదాకా చూశాడు. కూర్చోని రోజు పది నిమిషాలకే బాల్కనీలో ఉండేవాడు.

ఇక టీవీలో అసలు జాగ్రత్త పడాల్సింది సీరియళ్ళ దగ్గర కాదు. పొద్దున్నే అరగంట అరగంట వచ్చే 'ఆరోగ్య' కార్యక్రమాల దగ్గర. తెల్లకోటు వేసుకున్న మనిషి, ఎదురుగా యాంకరు, మధ్యమధ్యలో ఫోన్ చేసి "మీ మందుతో మోకాళ్ళ నొప్పులు పోయాయండీ" అనే గొంతులు ఉంటాయి. ఇందులో చాలావరకు కంపెనీ డబ్బు కట్టి కొనుక్కున్న సమయమే. ఆ సంగతి మూలన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అమ్మలాంటి పెద్దవాళ్ళకు ఆ అక్షరాలు ఆనవు. తెర కింద ఒక ఫోన్ నంబరు కదలకుండా ఉండి, 'ఈరోజే ఆర్డర్ చేస్తే' అన్న మాట వినిపిస్తే అది డాక్టరు సలహా కాదు, సరుకు అమ్మకం.

మనలో చాలామందికి తెలియని చట్టం ఒకటుంది. 1954లోనే వచ్చింది. షుగర్, క్యాన్సర్, బీపీ, పక్షవాతం, మూర్ఛ లాంటి జబ్బుల పెద్ద జాబితా ఇచ్చి, వీటిని నయం చేస్తామని జనానికి ప్రకటనలు ఇవ్వకూడదంటుంది. పిల్లల ఎత్తు పెంచుతామనే ప్రకటనలు కూడా అందులోకే వస్తాయి. అంటే 'షుగర్ పూర్తిగా పోగొడతాం' అని టీవీలో విన్న క్షణానే అవతలివాడు చట్టం దాటి మాట్లాడుతున్నాడని అర్థం. చట్టం దాటినవాడి దగ్గర ఆ పూట ఒక డబ్బా కొనకుండా ఉండటానికి ఆ కారణం చాలు.

బడి విషయంలో వినండి, కానీ వెళ్ళి చూసి రండి

వేసవి వస్తే అదే టీవీలో, పేపర్లో ఇంకో రకం ప్రకటన మొదలవుతుంది. 1, 1, 2, 3, 5 అని ర్యాంకులు, చిన్నచిన్న ఫోటోలు, వెనకాల ఊపిరాడని మ్యూజిక్. మా పిన్ని సలహా కూడా ఆ ప్రకటనలోంచి వచ్చిందే. "ఎన్ని ర్యాంకులో చూశావా?" అంది.

ఇక్కడే రెండో ప్రశ్న పనికొస్తుంది. ఎంతమందిలో? వేల మందిని చేర్చుకున్న సంస్థకు ఇరవై ర్యాంకులు రావడం పెద్ద వింత కాదు. ఆ ఇరవై మందీ మొదటి నుంచీ అక్కడే చదివారా, ముందే బాగా చదివే పిల్లల్ని ఏరి ప్రత్యేక బ్యాచ్‌లో పెట్టారా, మీ పిల్ల ఏ సెక్షన్లో పడుతుంది, అన్నవి అడగండి. మధ్యలో మానేసిన పిల్లల ఫోటోలు ఏ పేపర్లోనూ పడవు. ర్యాంకులకు గ్యారంటీ ఇవ్వకూడదని, పదహారేళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదని కోచింగ్ సెంటర్లకు కేంద్ర విద్యాశాఖ 2024లో మార్గదర్శకాలు ఇచ్చిందంటే ఆ వేడి ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

మా అమ్మాయి ఆరో తరగతికి మాకు కనిపించిన దారులు ఐదు. జిల్లా పరిషత్ హైస్కూలు, మా కాలనీ పక్కన మామూలు ప్రైవేటు బడి, హైదరాబాదులో కార్పొరేట్ హాస్టలు, కస్తూర్బా విద్యాలయం, పాలేరు నవోదయ. గురుకులం తలుపు మేం మూసుకున్నట్టే అయింది. తెలంగాణలో గురుకులాలకు ముఖ్యమైన ప్రవేశం ఐదో తరగతిలోకి, అంటే నాలుగు చదువుతుండగానే పరీక్ష రాయాలి. ఆ తర్వాత ఖాళీలుంటేనే. మాకు తెలిసేసరికి ఏడాది దాటిపోయింది. మీ ఇంట్లో నాలుగో తరగతి పిల్లలుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టిన రోజు నుంచి బీద ఇళ్ళ పిల్లలకు మంచి చదువు దొరికిన పెద్ద దారి అది. నవోదయకు ఐదు చదువుతుండగా రాయాలి. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి ఎనభై సీట్లు, అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే.

ఫీజుల్ని పోల్చేటప్పుడు నోటితో చెప్పే అంకెను నమ్మకండి. అడ్మిషన్, పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, బూట్లు, వ్యాన్, పరీక్ష ఫీజు అన్నీ కాగితం మీద రాయించుకుని కలపండి. మా కాలనీ బడిలో చెప్పిన అంకెకూ కలిపాక తేలిన అంకెకూ మధ్య మా రెండు నెలల అద్దె అంత తేడా వచ్చింది.

ఇంగ్లీషు మీడియమా, తెలుగా అన్న వాదన ప్రతి ఇంట్లోనూ ఉంది. పిల్లలకు వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. కనీసం ఐదో తరగతి దాకా అలా ఉంటే మేలని 2020 జాతీయ విద్యా విధానం అంటుంది. తల్లిదండ్రులేమో ఉద్యోగం ఇంగ్లీషులో ఉందంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆంధ్రలో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియానికి మారుస్తూ ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. రెండు చోట్లా ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. నాకు అవి చాలా నచ్చాయి. పిల్లకు అర్థం కాని మాట పక్క పేజీలోనే తన భాషలో దొరుకుతుంది, చదువు రాని అమ్మ కూడా పెద్దపిల్లతో చదివించుకుని వినగలదు.

నేను గట్టిగా చెప్పేదొకటే. బోర్డు మీద రాసిన మీడియం కంటే తరగతిలో టీచరు ఏ భాషలో మాట్లాడుతున్నారో చూడండి. 'ఇంగ్లీషు మీడియం' అని రాసి, లోపల గైడులోని జవాబులు బట్టీ పట్టించే బడిలో పిల్లకు రెండు భాషలూ రావు.

చూడటానికి మూడు పనులు చేశాం. ఒకటి, దేశంలోని బడుల వివరాలుండే యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో బడి పేరు కొట్టి టీచర్లు ఎంతమంది, పిల్లలెంతమంది, మరుగుదొడ్లెన్ని అని చూశాం. రెండు, మా కాలనీ బడిలో మూడో తరగతి చదివే పక్కింటి పిల్లాణ్ణి పిలిచి రెండో తరగతి తెలుగు పుస్తకంలోంచి ఒక పేరా చదవమన్నాం, అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి ఇచ్చాం. దేశమంతా తిరిగి పిల్లల చదువు కొలిచే అసర్ సర్వేలో వాడేది దాదాపు ఇదే పరీక్ష. ఐదు నిమిషాలు పట్టదు. మూడు, గేటు దగ్గర సాయంత్రం నాలుగున్నరకు నిలబడి బయటికొచ్చే పిల్లల మొహాలు చూశాం. ఈ మూడోదాన్ని లెక్కలో పెట్టలేం. కానీ మా ఆవిడ నిర్ణయం అక్కడే అయిపోయింది.

హాస్టలు చూడటానికి కూడా వెళ్ళాం. పిన్ని బాధపడకూడదని మాత్రమే కాదు, నిజంగానే తెలుసుకోవాలని. పొద్దున ఐదున్నరకు మొదలై రాత్రి పది దాకా స్టడీ అవర్లు. ఆటస్థలం ఎక్కడని అడిగితే పైకప్పు చూపించారు. పదకొండేళ్ళ పిల్ల అమ్మకు ఫోన్ చేసుకోవడానికి వారానికి ఒకరోజు. కొంతమంది పిల్లలు అలాంటి చోట కూడా రాణిస్తారు, కాదనను. ఇంట్లో తాగుడో గొడవలో ఉండి చదువు సాగని పిల్లలకు మంచి గురుకులమో హాస్టలో నిజంగా నీడ అవుతుంది. మా పిల్లకు ఆ అవసరం లేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగారు, ఇంగ్లీషు టీచరుగారు ఇద్దరూ నాలుగేళ్ళుగా ఉన్నారని తెలిసి అక్కడే వేశాం. టీచర్లు ఎన్నాళ్ళుగా ఉన్నారన్న ప్రశ్న ఏ బడిలోనైనా అడగండి. ఏడాదికి ముగ్గురు మారే చోట ఎంత మంచి భవనమైనా పిల్లను పట్టించుకునే మనిషి ఉండరు.

తప్పు చేశామేమో అన్న టెన్షన్ ఇప్పటికీ ఉంది. కానీ దసరా సెలవులకల్లా తెలుస్తుంది, తప్పయితే వచ్చే జూన్‌కి మార్చొచ్చు.

మందు విషయంలో నిరూపణ అడగండి, అత్తనైనా సరే

ఇది ఎక్కువసేపు చెప్పాలి. మా బాబాయి సంగతితో మొదలుపెడతాను.

చాలా ఏళ్ళ క్రితం బాబాయికి కళ్ళు పచ్చబడ్డాయి. ఊరవతల ఒక పెద్దాయన కామెర్లకు ఆకు పసరు ఇచ్చేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. ఉప్పు లేకుండా చప్పిడి పథ్యం, మజ్జిగన్నం, మూడు ఆదివారాలు పసరు. ఊళ్ళో ఎంతమందికి తగ్గిందో లెక్కలేదు. బాబాయికి మాత్రం నెలైనా తగ్గలేదు. ఒళ్ళంతా దురద, చలి జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్ళి స్కానింగ్ తీస్తే పిత్తాశయంలోంచి జారిన రాయి పైత్యనాళంలో ఇరుక్కుని ఉంది, చీము పట్టింది. బతికాడు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాక, ఎకరం అమ్మాక.

ఆ పెద్దాయన మోసగాడు కాడు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఆయన మీద కోపం రాదు. కామెర్లు అనేది జబ్బు పేరు కాదు, లోపల ఏదో జరుగుతోందని చెప్పే గుర్తు. మన ఊళ్ళల్లో ఎక్కువగా వచ్చేది చెడ్డ నీళ్ళతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ అనే కాలేయ జబ్బులు. చాలామందిలో అది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పసరు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది. తగ్గినవాళ్ళు పళ్ళూ కొబ్బరికాయా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళేవారు. తగ్గనివాళ్ళు బాబాయిలా పట్నం ఆసుపత్రికి వెళ్ళేవారు. ఆయన కళ్ళకు తగ్గినవాళ్ళే కనిపించారు. తన మందు పనిచేస్తోందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

ర్యాంకుల ప్రకటనలో మానేసిన పిల్లల ఫోటోలు ఎందుకు ఉండవో ఇక్కడా అంతే.

ఈ మాట నాటు వైద్యానికే కాదు, ఇంగ్లీషు వైద్యానికీ వర్తిస్తుంది. 2021 మే నెల గుర్తుందా? ఆక్సిజన్ కోసం పరుగులు, ప్లాస్మా కోసం ఫోన్లు. కోలుకున్నవాళ్ళ ప్లాస్మా ఎక్కిస్తే బతుకుతారని పెద్ద పెద్ద ఆసుపత్రులే నమ్మాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంతకు ముందే, 2020లో, 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ప్లాస్మా ఇచ్చి, రెండో గుంపుకు ఇవ్వకుండా చూసింది. చావులు తగ్గలేదు. ఆ 2021 మే నెలలోనే చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేశారు.

సరిగ్గా ఆ నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి జనం వేలల్లో బారులు తీరారు. అక్కడ ఉచితంగా ఇచ్చే మూలికల మందుతో కరోనా తగ్గుతుందని నమ్మారు. నెలాఖరులో ప్రభుత్వం కంటి చుక్కలకు ఒప్పుకోకుండా, వేరే కొన్ని మందులకు అనుమతి ఇచ్చింది. వెళ్ళినవాళ్ళను నేను తప్పుపట్టను. మంచం దొరకనప్పుడు, ఇంజెక్షను బ్లాకులో అమ్ముతున్నప్పుడు ఎవరు చెయ్యి చాపితే వాళ్ళను పట్టుకుంటాం. కానీ తేడా గమనించండి. ప్లాస్మా విషయంలో 'ఎంతమందిలో ఎంతమందికి' అన్న ప్రశ్న అడిగారు, జవాబు 'లేదు' అని వచ్చాక, ఆలస్యంగానైనా పక్కన పెట్టారు. ఇవతల జనం ఆ ప్రశ్న అడగకముందే బారులు తీరారు. కరోనా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఎలాగూ కోలుకున్నారు కాబట్టి, తగ్గిన ప్రతి మనిషీ మందుకు సాక్షి అయిపోయాడు. నిరూపణ లేని చికిత్స అంటే పనిచేయదని తేలిన చికిత్స అని అర్థం కాదు. ఈ లెక్క ఎవరూ కట్టని చికిత్స అని.

ఇక ఎంచుకోవడం ఎలా? నేను మూడు గీతలు గీసుకున్నాను.

మొదటి గీత దగ్గర ఒక్క నిమిషం కూడా నాటు వైద్యానికి ఇవ్వను. పాము కాటు, కుక్క కాటు, ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, పసిబిడ్డ కామెర్లు, ఇన్సులిన్ మీద బతుకుతున్నవాళ్ళ షుగర్.

పాము మంత్రం పనిచేస్తున్నట్టు ఎందుకు కనిపిస్తుందంటే చాలా పాములకు విషం లేదు, విషపాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. ఆ మనుషులు మంత్రం లేకపోయినా బతుకుతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఇంజెక్షను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, గాటు సరిగ్గా కనిపించదు, నొప్పి ఉండదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి. అప్పుడు మంత్రగాడి ఇంటికి బండి తిప్పితే ఆ గంట మళ్ళీ రాదు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

కుక్క కరిస్తే కారం, సున్నం, పసరు పెట్టకండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గడియారం చూసి కడగండి. తర్వాత టీకా, చర్మం తెగి రక్తం వస్తే గాయంలోకే ఇచ్చే సీరం. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. పెద్దవాళ్ళలో ఇంకా "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అన్న భయం ఉంది. ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పుడు చేతికే, నాలుగైదు సార్లు. మా అమ్మమ్మకు ఈ మాట చెప్పినప్పుడు ఆశ్చర్యపోయింది. భయం మనిషి వయసుతో పాటు బతుకుతుంది, ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి.

రెండో గీత దగ్గర, ముందు పరీక్ష, తర్వాత మీ ఇష్టం. కామెర్లొస్తే ముందు రక్తపరీక్ష, స్కానింగ్. మామూలు హెపటైటిస్ అని డాక్టరు చెప్పాక చప్పిడి పథ్యం చేస్తానంటే చేయనివ్వండి. పసరు మాత్రం వద్దంటాను, దెబ్బతిన్న కాలేయం మీద తెలియని ఆకు రసం పోయడం మంచిది కాదు. గర్భిణికి కామెర్లొస్తే మాత్రం ఇది రెండో గీత కాదు, మొదటి గీతే. మణికట్టు మీద వాతలు పెట్టించడం ఎవరికీ, ఎప్పుడూ వద్దు.

ఎముక విరిగితే తిరుపతి జిల్లా పుత్తూరు కట్టుకు వెళ్ళే ఆచారం మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. చిన్న చీలికైతే కదలకుండా కట్టి ఉంచితే ఎముక అతుక్కుంటుంది, ఎవరు కట్టినా సరే. కానీ ఎముక పక్కకు జరిగిందా, కీలు దెబ్బతిందా అన్నది ఎక్స్‌రేకే తెలుస్తుంది. పిల్లల ఎముకల చివర పెరిగే భాగం ఉంటుంది, అక్కడ తప్పుగా అతికితే చెయ్యి వంకరగా పెరుగుతుంది. ఎవరు కట్టిన కట్టైనా వేళ్ళు వాచినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ రాత్రే విప్పించండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఆయాసం ఉన్నవాళ్ళు మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కొరమీను పిల్లతో ఇచ్చే చేప ప్రసాదానికి వెళ్తారు. భక్తితో వెళ్ళేవాళ్ళను ఆపమని నేను చెప్పను. జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని వెళ్ళమని చెబుతాను. ఉబ్బసం పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. బాగా పెరిగినప్పుడు ఏం తీసుకున్నా తర్వాత తగ్గినట్టే ఉంటుంది. 'ఇన్‌హేలర్ అలవాటైపోతుంది' అనే మాట నమ్మి మానేసినవాళ్ళే రాత్రిపూట ఎమర్జెన్సీకి వస్తారు. నిజానికి మాత్రలో కంటే పీల్చే మందులో మోతాదు చాలా తక్కువ, నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

మోకాళ్ళ నొప్పులకు పేరు లేని పొడి ఇచ్చి మూడు రోజుల్లో నడిపిస్తున్నారంటే అనుమానించండి. అలాంటి కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం బయటపడింది. మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది. అలవాటయ్యాక ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే, అందుకని దాచకుండా డాక్టరుకు చెప్పి మానాలి.

మూడో గీత దగ్గర పేచీ లేదు. జలుబుకు తులసి, మిరియాల కషాయం, పసుపు పాలు, ఒళ్ళు నొప్పులకు నువ్వుల నూనె మర్దన. హాయిగా ఉంటే చేసుకోండి. అమ్మ చేతి కషాయంలో మందు ఎంతో తెలియదు కానీ పక్కన కూర్చునే మనిషి ఉంటుంది, అది జ్వరంలో చిన్న విషయం కాదు. వారం దాటినా తగ్గకపోతే, ఆయాసం వస్తే, రక్తం కనిపిస్తే డాక్టరు.

ఒక మాట ఒప్పుకోవాలి. మనవాళ్ళు నాటు మందుకు వెళ్ళేది మూఢనమ్మకం వల్లే కాదు. ఆసుపత్రిలో ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడరు, బిల్లు ఎంతవుతుందో చెప్పరు, అవసరం లేని పరీక్షలు రాస్తారన్న భయం ఉంది. ఆ భయంలో నిజమూ ఉంది. అందుకే వెళ్ళేముందు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అడగండి. డాక్టరును కూడా అదే ప్రశ్న అడగండి. "ఈ ఆపరేషను చేయించుకోకపోతే ఏమవుతుంది? చేయించుకున్నవాళ్ళలో ఎంతమందికి బాగవుతుంది?" మంచి డాక్టరు ఆ ప్రశ్నకు కోప్పడరు.

అమ్మ విషయానికొస్తే, అత్తతో వాదించలేదు. అమ్మకు మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష చేయించాం, ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాం. మాత్రలు అలాగే సాగుతున్నాయి. అత్తకు ఫోన్ చేసి, "ఆ పొడి వాడినవాళ్ళు మీ వీధిలో ఎంతమంది అత్తా, అందరికీ మాత్రలు ఆగాయా, కాస్త కనుక్కో" అన్నాను. కనుక్కుంటానంది, నిజంగానే ఇల్లిల్లూ తిరిగింది. పది రోజులకు తనే ఫోన్ చేసింది. ఐదుగురు వాడారట. నలుగురు తేడా లేదని మానేశారట. ఆ మొదటావిడ ఉగాది నుంచీ మళ్ళీ మాత్రలు వేసుకుంటోందట, చెప్పుకోవడానికి మొహమాటపడి ఊరుకుందట.

"మరి నాకెందుకు చెప్పలేదో" అంది అత్త. కాసేపాగి, "మీ అమ్మ మాత్రలు వేళకు వేసుకుంటోందా?" అని అడిగింది.